పప్పు ఉడికే నీళ్ళు

గద్వాల స్టేషన్లో రైలు దిగినప్పుడు నా చేతిసంచిలో మూడు కాయితాలున్నాయి. మూడూ మా తమ్ముడి చేతిరాతే. అవి అందాల్సిన మనుషులు అయిదు నెలలుగా ఎదురుచూస్తున్నారో, ఎప్పుడో మరిచిపోయారో నాకు తెలియదు.

తమ్ముడు వనపర్తిలో నీళ్ళు పరీక్షచేసే ల్యాబులో పందొమ్మిదేళ్ళు పనిచేశాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారాలు పాత బండి వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. అడిగినవాళ్ళ బావుల్లోంచి, బోర్లలోంచి సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి, పరీక్షచేసి, మళ్ళీ వెళ్ళి ఫలితం చెప్పేవాడు. కాయితం పంపేవాడు కాదు. "కాయితం పంపితే భయపడతారు, లేదంటే పొయ్యిలో పెడతారు. కూచుని చెప్పాలక్కా. ముందు వాళ్ళింట్లో ఏదైనా తినాలి, తర్వాతే చెప్పాలి," అని ఫోనులో అనేవాడు. డిసెంబరులో గుండె ఆగి పోయాడు. గది ఖాళీచేసి, పెట్టె మా ఊరికి తెచ్చుకుని తెరిస్తే ఈ మూడూ కనిపించాయి. పరీక్ష అయింది. చెప్పడం మిగిలిపోయింది.

ఒకటి రాజోలిలో ఒక నేత ఇంటి బావి. నీళ్ళు మంచివి. రెండోది ఆత్మకూరులో ఒక టీ హోటలు బోరు. మురుగు కలుస్తోంది, మరిగించకుండా తాగకూడదు. మూడోది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లెలో మణెమ్మ అనే ఆమె బోరు. అందులో ఫ్లోరైడ్ అన్న మాట కింద రెండు గీతలున్నాయి. ఉండదగినదానికి రెండింతలు పైనే ఉందట. పక్కన చిన్న అక్షరాల్లో, "చలివేంద్రం. భర్త పేరున నడుపుతోంది. జాగ్రత్తగా చెప్పాలి," అని ఉంది.

వెనక వైపు ఆమెకి నాలుగు మాటలు రాసి ఉన్నాయి గాని, ఎలా మొదలుపెడితే జాగ్రత్తగా చెప్పినట్టో రాయలేదు. ఏప్రిల్లో బయల్దేరాను. మూడోది ఆఖరుకు పెట్టుకున్నాను. దారి అలా కలిసింది అని చెప్పుకున్నాను గాని, నిజానికి అది భయం.

గద్వాల

పొద్దున ఏడింటికే ఎండ తెల్లగా ఉంది. స్టేషను బయట పెద్ద మూకుడు ముందు కూచున్న ఒకామె ఉగ్గాని పెడుతోంది. తడిపిన బొరుగుల్లో ఉల్లిపాయ, పుట్నాలపొడి కలిపి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ముప్ఫై రూపాయలు. మా వైపు బొరుగులంటే సాయంత్రం పిల్లల చిరుతిండి. ఇక్కడ పొద్దున్నే కడుపునిండా తినే తిండి. ఆమెది రాయచూరు వైపు. "సాకా, ఇంక కావాల్నా?" అని, చాలా అన్నది కన్నడంలో, మిగతాది తెలుగులో, ఒకేసారి అడిగింది.

నీళ్ళు పోసి ఇస్తే, ఇవి ఏ నీళ్ళని అడిగాను.

"బోరువి. మస్తుంటయి తాగు."

"మంచివని ఎలా తెలుస్తుంది?"

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "వంట రాదా అమ్మా నీకు? పప్పు ఉడికితే మంచి నీళ్ళు. ఉడకకుంటే కాదు. గింతే."

మా అమ్మ కూడా ఇదే అనేది. నేనూ నలభై ఏళ్ళు ఇదే నమ్మాను. ఒకసారి ఫోనులో తమ్ముడితో ఆ మాట అన్నాను. వాడు చెప్పాడు: "ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళలో చాలాసార్లు సున్నం తక్కువుంటుందక్కా. అందుకే తియ్యగా ఉంటాయి, పప్పు వెన్నలా ఉడుకుతుంది. ఉడకని నీళ్ళున్న బావిని జనం వదిలేస్తారు. ఎముకలకి ఏమీ చెయ్యనిది ఒక్కోసారి అదే." అప్పుడు ఊఁ కొట్టి వదిలేశాను. ఉగ్గాని ముందు కూచున్నప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది.

కోట దాకా నడిచాను. బస్టాండు చేరేలోపు మూడు చలివేంద్రాలు కనిపించాయి. మూడుచోట్లా తాగాను. మా ఊళ్ళో చలివేంద్రం అంటే దోసిలి పడితే పైనుంచి పోస్తారు, మధ్యాహ్నమైతే మజ్జిగ కూడా. ఇక్కడ గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు ఉంటుంది, ఎవరికి వారు ముంచుకుంటారు. ఒకచోట నీళ్ళు కొంచెం ఉప్పగా, ఒకచోట మట్టివాసనతో, మూడోచోట ఏ రుచీ లేకుండా ఉన్నాయి. నాలుక చెప్పగలిగింది అంతే. సీసాలో పోస్తే మూడూ ఒకేలా కనిపించేవి.

రాజోలి

బస్సులో నిద్ర పట్టింది. కళ్ళు తెరిచేసరికి తుంగభద్ర కనిపించింది. నది అనడానికి ఎక్కువ ఇసకే ఉంది. దూరంగా సన్నగా ఒక నీటిపాయ. ఎండకి అది నేలకి ఒక జానెడు ఎత్తున ఊగుతున్నట్టుంది. ఎవరో ఎద్దుల్ని దాటిస్తున్నారు. వాటి కాళ్ళు కనపడటం లేదు, ఒళ్ళు మాత్రం గాలిలో పోతున్నట్టున్నాయి.

బస్సు దిగి, ఇసకలో నాలుగడుగులు వేశానో లేదో చెప్పు తెగింది. వట్టి కాలితో ఆ ఇసకలో నిలబడలేక పరుగెత్తాను. అరవై రెండేళ్ళ మనిషి పరుగెత్తడం చూసి ఒక ముసలామె నవ్వింది. ఆమె చెలిమలో దిగి కూచుని ఉంది. చెలిమ అంటే ఇసకలో తవ్విన గుంట, ఇది నడుము లోతుంది. అడుగున ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో తోడి బిందెలో వడగడుతోంది.

"రా, కాలు గిండ్ల పెట్టు," అని పక్కన తడి ఇసక చూపించింది. పెట్టాను. ప్రాణం లేచొచ్చింది.

"ఇంట్లో నల్లా లేదా అవ్వా?"

"ఉంది. ఇది నా అలవాటు. నా చిన్నప్పుడు మూరెడు తీస్తే నీళ్ళు. ఇసకంత లారీల్ల పోయింది. ఇప్పుడు నేనే లోపలికి దిగాలె." చిప్ప నాకు అందించింది. "తాగు. పైన సీమోళ్ళు ఏం కలిపిండ్రో నాకు తెల్వదు, ఇసక మటుకు మంచిది."

నది ఒడ్డున బతికినవాళ్ళంతా పైవాళ్ళని ఇలాగే అంటారు. మాది కృష్ణ కాలవ చివర ఊరు. మా కాలవకి గుర్రపుడెక్క పట్టి, ఊళ్ళ మురుగంతా కలిసి, నీళ్ళలో పటిక తిప్పితే తేరుకునే రోజులు పోయాయి. ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కుని తాగుతాం. మేమూ పైవాళ్ళనే తిడతాం. ఆ పైవాళ్ళలో ఈ అవ్వ కూడా ఉంటుందని అప్పటిదాకా తోచలేదు.

నేత ఇల్లు అడిగి పట్టుకున్నాను. నర్సింలు మగ్గం గుంటలో కూచుని ఉన్నాడు. తమ్ముడు చెప్పినట్టే ముందు తిన్నాను. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఉల్లికారం. తర్వాత చెప్పాను, మీ బావి నీళ్ళు బాగున్నాయని.

నర్సింలు పెళ్ళాం వైపు చూశాడు. "బాగున్నయంట."

"మనకు తెల్వదా?" అందామె.

"బాగున్నయని చెప్పనీకి అంత దూరం కెళ్ళి వచ్చినవా అక్క? బాగలేవంటే ఏం చేస్తుంటివి, విమానం ఎక్కుతుంటివా?" అని నవ్వాడు. తర్వాత అడిగాడు, "సారు రాలేదేం?"

చెప్పాను. మగ్గం మీంచి చేతులు తీసేశాడు.  బయల్దేరుతుంటే నా తెగిన చెప్పు అడిగి తీసుకుని, పట్టుదారం నాలుగు పేటలు మెలేసి కుట్టి ఇచ్చాడు. ఎర్రదారం. ఇది రాస్తున్నప్పుడు కూడా అది తెగలేదు.

జూరాల దాటి ఆత్మకూరు

గద్వాల నుంచి ఆత్మకూరు బస్సు జూరాల ఆనకట్ట మీదుగా పోతుంది. ఒకవైపు నిండుగా నీళ్ళు, ఇంకోవైపు రాళ్ళు. కిటికీకి తల ఆనించి చూస్తుంటే, ఈ నీళ్ళు మా కాలవ దాకా రావడానికి ఎన్ని రోజులు పడుతుందో అనిపించింది. అలాంటివి తమ్ముణ్ణి అడిగేదాన్ని. తెలియకపోతే తెలియదనేవాడు. ఆ మాట అంత హాయిగా అనగల మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. మగతలో, వాడు వెనక సీట్లో కూచుని ఉన్నట్టు, తిరిగి చూస్తే లేచిపోతాడన్నట్టు అనిపించింది. ఆత్మకూరు వచ్చేదాకా తిరిగి చూడలేదు.

ఖాజా హోటల్లో నాలుగు బల్లలు. చాయ్ పది రూపాయలు, ఉస్మానియా బిస్కెట్ అయిదు. రెండూ తీసుకున్నాకే చెప్పాను.

ఖాజామియా విని చేత్తో కొట్టిపారేశాడు. "గింతేనా? చాయ్‌ల నీళ్ళు మరుగుతనే ఉంటయి గదమ్మా. పొద్దున అయిదు కెళ్ళి మరుగుతయి. నా చాయ్‌ల పురుగు బతికిందంటే దానికి సలాం కొట్టాలె."

"మరి బల్ల మీద గ్లాసుల్లో పెట్టేవి?"

బల్లల వైపు చూశాడు. ప్రతి బల్ల మీదా జగ్గు ఉంది. గ్లాసులు కడిగే తొట్టి వైపు చూశాడు. తర్వాత లోపలి గదిలోకి చూశాడు. అక్కడ మంచం మీద వాళ్ళమ్మ పడుకుని ఉంది.

"అమ్మీకి రంజాను ముంగట కెళ్ళి కడుపు బాగుంటలేదు," అన్నాడు, ఈసారి మెల్లగా. "దవాఖానకు తిప్పి తిప్పి పరేషానైన. వయసు అనుకున్న."

లేచి, జగ్గులన్నీ మోరీలో పారబోశాడు. పెద్ద డేగిసా తెచ్చి రెండో పొయ్యి మీద పెట్టాడు. చాయ్ డబ్బులు ఇవ్వబోతే, "మీ తమ్ముడు నా దగ్గర బిస్కెట్ లేకుంట చాయ్ తాగలే ఎన్నడు. జర ఇంకొకటి తిను," అని నా చేతిలో బిస్కెట్ పెట్టాడు.

వనపర్తి

తమ్ముడు ఉన్న వీధికి వెళ్ళాను. గదిలో ఎవరో కొత్తవాళ్ళు దిగారు. మెట్ల కమ్మీ మీద చిన్నపిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. తలుపు తట్టడానికి కారణం ఏమీ లేదు. ఎదురుగా నీళ్ళ డబ్బాలు నింపే కొట్టు దగ్గర అరుగు మీద కూచున్నాను. జనం డబ్బాలు తెస్తున్నారు, నింపుకుపోతున్నారు. పైపులోంచి ఒకే తీరుగా నీళ్ళ చప్పుడు.

ఒకసారి ఈ గదికి వచ్చినప్పుడు వాడు సీసా కడగడం చూశాను. ఏ నీళ్ళు పట్టాలో ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి పారబోయాలి. నాలుగోసారి నింపాలి. "లేకపోతే సీసాలో పాత నీళ్ళ సంగతి ఉండిపోతుందక్కా," అన్నాడు. చీకటి పడేదాకా అక్కడే కూచుని, లాడ్జికి వెళ్ళి పడుకున్నాను. ఆ రాత్రి కల ఏమీ రాలేదు. వస్తుందనుకున్నాను.

పేరు రాయని ఊరు

నాగర్‌కర్నూల్ నుంచి ఆటోలో గంట దారి. ఆ ఊరి పేరు రాయను. చదివినవాళ్ళు పేరు గుర్తుపెట్టుకుని అక్కడివాళ్ళ పళ్ళకేసి చూడటం నాకిష్టం లేదు.

ఆటో తిరుపతయ్యది. అదే ఊరు. దారిపొడవునా మాట్లాడుతూనే ఉన్నాడు. "మా ఊరికెందుకమ్మా? మా అత్త నీళ్ళు తాగనీకా? అందరు దానికే వస్తరు."

ఊరి మొదట్లో, రోడ్డు పక్కన ఈతకమ్మల పందిరి. కింద ఇసకలో మూడు రంజన్లు, అంటే పెద్ద మట్టికుండలు, చుట్టూ తడి గోనెసంచులు. పైన ఒక ఫ్లెక్సీ: "కీర్తిశేషులు కుర్మయ్య జ్ఞాపకార్థం చలివేంద్రం." ఫొటోలో మనిషి మెడ బిగబట్టి, నిటారుగా, కెమెరాకి కొంచెం పక్కకి చూస్తున్నాడు.

"మామ గట్లనే," అన్నాడు తిరుపతయ్య నా చూపు పట్టుకుని. "ఆఖరికి మెడ తిరగకపోయె. పిలిస్తే మనిషంత తిరుగాలె, లారీ రివర్స్ చేసినట్టు."

"నీ నోరు తిరగకపోతే బాగుండు," అంది పందిరి కింద ఉన్నామె. మణెమ్మే. నా కంటే ఓ అయిదేళ్ళు చిన్నదై ఉంటుంది. గ్లాసు ముంచి నాకందించింది. "తాగక్క. ముఖమంత ఎండపొడ తగిలింది."

తాగాను. ప్రయాణం మొత్తంలో తాగిన వాటిలో అవి మంచి నీళ్ళు. చల్లగా ఉన్నాయి. మింగాక గొంతులో కొంచెం తియ్యదనం నిలిచింది. ఏమి తాగుతున్నానో తెలిసే రెండో గ్లాసు కూడా తాగాను.

నీళ్ళ సారు అక్కనని చెప్పాను.

"సారు ఏడి? చలికాలం పోకముందే వస్తనన్నడు."

చెప్పాను. ఆమె గ్లాసు కడిగి బోర్లించింది. మళ్ళీ తీసి మళ్ళీ కడిగింది. "మూడు సార్లు సీస కడిగి పారబోసిండు, నాలుగోసారి పట్టుకున్నడు," అంది. "నేను పొద్దున మొదటి గిలాస మా ఆయన పేరు మీద నేల మీద పోస్త. ఈ సారు గూడ ఎవరికో పోస్తుండు అనుకున్న." కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఇంటికి పోదాం పా. అన్నం తిందువు."

రెండు గదుల ఇల్లు. పెరట్లో బోరు, పక్కన నల్లా, ఆ నీళ్ళు పట్టే సిమెంటు హౌజు. అన్నంలో ముద్దపప్పు వేసింది. పప్పు గింజ ఆనవాలు లేకుండా మెదిగిపోయి ఉంది. చింతకాయ తొక్కు. నేను తింటుంటే కుర్మయ్య సంగతి చెప్పింది.

పద్నాలుగో ఏట నుంచి ఆయన మట్టిపనికి పోయాడు. పాలమూరు నుంచి మేస్త్రీలు లారీల్లో తీసుకుపోయేవాళ్ళు. కాలవలు, చెరువులు, కట్టలు. "మీ దిక్కు గూడ తవ్విండు. యాడ తవ్వినా నీళ్ళు వేరేటోళ్ళకే. బతుకుల ఒక్కసారి నా ఇంటికి తవ్వాలె అనెటోడు. మూడు బోర్లు ఎండిపోయినయి. నాలుగోది పడ్డది. పద్దెనిమిదేండ్లాయె. గప్పుడు ఊరంత ఉప్పు నీళ్ళే, పప్పు పొద్దంత పెట్టినా రాళ్ళ లెక్క ఉంటుండె. మా బోరు పడ్డంక ఆడోళ్ళందరు బిందెలు పట్టుకుని ఇంటి ముంగట. ఆయన గడపల కూసొని ఒక్కొక్కలను అడిగెటోడు, పప్పు ఉడికిందా, పప్పు ఉడికిందా అని. ఉడికిందంటే ఆ పొద్దంత నవ్వుడే."

"ఇప్పుడు నల్లా ఉంది కదా?"

"ఉంది. మందు వాసన. తానాలకు, బర్లకు. తాగనీకి అందరం గివే. బడి పిల్లలు పొద్దున పందిరి కాడ సీసలు నింపుకొని పోతరు."

అన్నం అయిపోయింది. ఇక వాయిదా వెయ్యడానికి ఏమీ మిగల్లేదు. చెప్పాను. ఆ నీళ్ళలో ఒక ఉప్పులాంటిది ఎక్కువ ఉందని, రుచికి తెలియదని, మరిగిస్తే పోదని, ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళు మచ్చలు పడతాయని, పెద్దవాళ్ళకి ఎముకలు బిగుస్తాయని చెప్పాను.

"పప్పు ఉడుకుతది గదా," అంది మణెమ్మ.

"ఉడుకుతుంది."

"ఉడికినా మంచియి కావా?"

"కావు."

ఆమె కంచం తీసుకుని బయటికి వెళ్ళింది. కంచం కడిగిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి గోడకి ఆనుకుని కూచుంది.

"అంటే ఆయన మెడ..."

"నాకు తెలియదు. తమ్ముడుంటే చెప్పేవాడేమో. నాకు తెలియదు."

"తెల్వదంటున్నవ్. కాదు అంటలేవు."

నేను సంచి దగ్గరికి లాక్కున్నాను.

"కూలి పని చేసినోళ్ళకు గంతే అన్నరు దవాఖానల," అంది గడప వైపు చూస్తూ. "బోరు పడకముందు గూడ ఆయన ఎన్ని ఊర్ల నీళ్ళు తాగిండో. యాడియో ఎవరికెరుక." తర్వాత గొంతు మారింది. "నువ్వు రాకుంటే బాగుండేది అక్క. బతికినన్ని దినాలు ఇంకొకరికే తవ్విండు. ఇంటికి తవ్వింది గిది ఒక్కటే. ఊరంత కుర్మయ్య నీళ్ళు అంటరు. రేపటి సంది ఏమంటరు? విషం తవ్విండంటరు. నేను పందిరేసి దాన్నే పోసిననంటరు."

 నా సంచిలోంచి కాయితం తీశాను. వెనక వైపు, ఆమె ముందు కూచుని చెప్పాల్సిన మాటలు ఆమెకి రాసినట్టే రాసిపెట్టుకున్నాడు తమ్ముడు. బస్సుల్లో ఎన్నోసార్లు చదివాను గాని పైకి చదవలేదు. ఆమెకి చదువు రాదు కాబట్టి పైకి చదవాల్సి వచ్చింది.

"మణెమ్మగారికి. ఆ రోజే మీ నల్లా నీళ్ళు కూడా పట్టుకెళ్ళి చూశాను. మంచివి. మందు వాసన వస్తుందన్నారు. వెడల్పు గిన్నెలో పోసి, పల్చని బట్ట కట్టి ఒక రాత్రి ఉంచండి. వాసన పోతుంది. బోరు మూయక్కర్లేదు, బట్టలకి, గిన్నెలకి వాడుకోండి. ఆ బోరు వేసినప్పుడు ఇక్కడ ఎవరూ పరీక్ష చేసి చెప్పలేదు. చెప్పాల్సింది మేము. చలివేంద్రం ఆపకండి."

 

"నాకేనా రాసిండు?"

"మీకే."

"సచ్చెటప్పుడా?"

"కాదు. ముందే. తను చచ్చిపోతానని అనుకోలేదు."

కాయితం తీసుకుని, తలకిందులుగా పట్టుకుని కాసేపు చూసింది. మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది.  ఆ సాయంత్రం నాగర్‌కర్నూల్ వెళ్ళే బస్సు నాకు దొరకలేదు. దొరక్కపోవడమే నయమైంది. పొద్దుగూకుతుంటే ఆమె అటక మీంచి పెద్ద గంగాళం దింపింది. పెళ్ళిళ్ళకి వాడేదట. చింతపండు వేసి రుద్దింది. హౌజులో నిలవున్నవి వద్దని, పొరుగింట్లో పొద్దుటి నల్లా నీళ్ళు నాలుగు బిందెలు అడిగి తెచ్చింది. ఎందుకని పొరుగామె అడిగితే, "చుట్టం వచ్చింది," అంది. గంగాళం నింపి, ట్రంకులోంచి ఒక పాత పంచె తీసి దాని మూతికి కట్టింది. పంచె ఎవరిదని నేను అడగలేదు.

పెరట్లో మంచాలు వేసుకుని పడుకున్నాం. గాలికి పంచె కొంచెం ఉబ్బి మళ్ళీ పడుతోంది. చూస్తూ నిద్రపోయాను.

పందిరి కింద

తెల్లవారి పందిరి దగ్గరికి వెళ్ళేసరికి రంజన్లు మూడూ బోర్లించి ఉన్నాయి. నేను ఒక బిందె మోశాను, ఆమె రెండు. ముందు కొంచెం నీళ్ళు పోసి ఒక్కో రంజను తొలిచి పారబోసింది. మూడుసార్లు. నాలుగోసారి నింపింది. నా వైపు చూడలేదు.

మొదటి గ్లాసు ముంచి ఫ్లెక్సీ కింద నేల మీద పోసింది. "ఇయ్యాల్టి సంది నీక్కూడ గివే," అంది ఫొటోతో, ఇంట్లో మనిషికి కూర సంగతి చెప్పినట్టు.

బడి పిల్లలు సీసాలు నింపుకుని పోయారు. ఒక పిల్ల మాత్రం తాగి మణెమ్మ వైపు చూసి మూత పెట్టుకుంది. పక్కపిల్ల ఏదో అంటే నవ్వి, పళ్ళు కనపడకుండా చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత తిరుపతయ్య వచ్చాడు. ఆటో ఆపి గ్లాసు ముంచి, నోట్లో పోసుకుని ఆగాడు.

"ఏందత్త, నీళ్ళు గిట్లున్నయి? మామ బోరు ఏమాయె?"

"బోరుకేం కాలే. బట్టలు ఉతుకుత. తాగనీకి గివి."

"ఎందుకు?"

"సారు చూసి చెప్పిండు, ఎముకలు బిగుస్తయంట."

"గంత తియ్యటి నీళ్ళా? ఎవడు నమ్ముతడే? ఊర్ల నవ్వుతరు."

"నవ్వనీ."

"మరి వీటిల్ల పప్పు ఉడుకుతదా?"

"ఉడకకుంటే ఇంకో కట్టె పెట్టుకోమను." గ్లాసు అతని చేతిలోంచి తీసుకుంది. "మీ మామ తవ్విండు, తాగిండు, మెడ మీద తెచ్చుకొని మనకు చూపిచ్చిండు. నీకు యాదికి లేదా ఆ మెడ? లారీ అంటివి నిన్న."

 తిరుపతయ్య చెయ్యి మెడ వెనక్కి పోయింది. తల అటొకసారి, ఇటొకసారి తిప్పి చూసుకున్నాడు. పూర్తిగానే తిరిగింది. అయినా ఇంకోసారి తిప్పాడు.

మణెమ్మ నావైపు తిరిగింది. "మీ తమ్ముని పేరేందక్క?"

డిసెంబరు తర్వాత నేను వాడి పేరు పైకి అనలేదు. ఊళ్ళో అందరూ తమ్ముడు అనే అడిగేవారు, నేనూ తమ్ముడు అనే చెప్పేదాన్ని. చెప్పాను. శ్రీధర్.

ఆమె ఇంకో గ్లాసు ముంచి, ఆ పేరు ఒకసారి తన నోటితో అని, మొదటి తడి పక్కనే పోసింది. రెండు మరకలూ కాసేపు విడివిడిగా ఉండి తర్వాత కలిశాయి.

"పోయినోళ్ళకేనా అత్త?" అన్నాడు తిరుపతయ్య. "బతికున్నోళ్ళకు గూడ ఏమన్న పోస్తవా?"

మణెమ్మ గ్లాసు నింపి ఇచ్చింది. అతను వాసన చూశాడు, మొహం చిట్లించాడు. ఎవరూ చూడటం లేదన్నట్టు రోడ్డు వైపు తిరిగి, ఆఖరి చుక్క దాకా తాగాడు.